స్టీరింగు చెప్పెడి సాక్ష్యము

పుంగనూరు పల్లెలలో ఎద్దులబండికి మూటలెత్తువారు ముందు బరువును, వెనుక బరువును చూచుకొని సర్దుట కద్దు. ముందు బరువు హెచ్చినచో కాడి ఎద్దుల మెడలను నొక్కును. వెనుక హెచ్చినచో కాడి పైకి లేచును. మదనపల్లె టమోటా లారీకైనను, కుప్పము గ్రానైటు లారీకైనను ఈ తూకము తప్పదు. పందెపు కారునకు మాత్రము ఈ తూకము నిలిచియున్నపుడు కాక, మలుపులో వేగముగా తిరుగునపుడు తెలియును.

ముందు చక్రములు పట్టు కోల్పోయినచో, స్టీరింగు ఎంత త్రిప్పినను బండి మలుపు వెలుపలికే పోవును. దీనిని అండర్‌స్టీర్ అందురు. వెనుక చక్రములు జారినచో బండి తనంత తానే అధికముగా తిరుగును. తోలువాడు స్టీరింగును వెనుకకు, ఒక్కొక్కపుడు ఎదురు దిక్కునకు త్రిప్పవలసివచ్చును. ఇది ఓవర్‌స్టీర్. తెలుగు చెప్పుకొను వారము గనుక వీనిని ‘ముందుజారు’, ‘వెనుకజారు’ అని పిలువ సాహసించుచున్నాము. షెడ్డులోని మెకానిక్కునకు ఈ మాటలు వెంటనే బోధపడునని మా నమ్మకము.

బండి వెనుకబడినపుడు మొదటి నింద తోలువానిపై పడును, రెండవది ఇంజనుపై. డబ్బు ఇంజనునకు పోవును, అపకీర్తి డ్రైవరునకు మిగులును. ఈ రెండు తీర్పులకును ముందు స్టీరింగు సాక్ష్యమును వినవలెనని మా వాదము.

ఆ సాక్ష్యమును సేకరించుట కష్టము కాదు. రేడియో ధ్వనిని హెచ్చించి తగ్గించు మీట వంటి పరికరమును స్టీరింగు కడ్డీకి తగిలించినచో, ఏ క్షణమున ఎన్ని డిగ్రీలు త్రిప్పినదియు నమోదగును. కోయంబత్తూరులోని కారి మోటార్ స్పీడ్‌వేలో విద్యార్థులకు జరుగుచు వచ్చిన ఫార్ములా భారత్ పోటీలలో ఎనిమిది అంకె ఆకారపు పరీక్ష యున్నది. అందలి వలయపు వ్యాసార్ధము సుమారు 9 మీటర్లు. ముందు వెనుక చక్రముల నడిమి దూరము 1.6 మీటర్లయినచో, ముందు చక్రములు సుమారు 10 డిగ్రీలు తిరిగిన చాలును. స్టీరింగు 5 డిగ్రీలు తిరిగినపుడు చక్రము 1 డిగ్రీ తిరుగు బండిలో చేతికి 50 డిగ్రీలు కావలెను. మెల్లగా తిరుగునపుడు ఈ లెక్కయే కనబడును. వేగము హెచ్చిన కొలది అదే వలయమున 65 కావలసివచ్చినచో అది ముందుజారు. 40తో సరిపోయినచో వెనుకజారు.

స్థిరమైన వలయముపై బండిని పరీక్షించు ఈ విధానము క్రొత్తది కాదు. 1930లలోనే అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థలో మారిస్ ఆలీ అను ఇంజనీరు ఇట్టి పరిశోధనలు చేసెను. మన తెలుగునేలపై 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరమున జరిగిన ఫార్ములా ఈ పందెములో జాన్ ఎరిక్ వెర్న్ గెలుపొందెను. నాడు జనులు వేగమునే చూచిరి. గోడల నడుమ సాగిన ఆ వీథి మలుపులలో తోలువాని చేతులు చేసిన పనిని చూచిన వారెందరు?

అయితే ఒక్క గీతను చూచి తీర్పు చెప్పరాదు. మలుపులోనికి అతివేగముగా చొచ్చుకొనిపోయినవాడును స్టీరింగును అధికముగా త్రిప్పును; అది బండి దోషము కాదు. గతుకు తగిలినను గీత ఎగురును. కావున అదే మలుపును పలుమార్లు త్రిప్పి, వేగపు లెక్కతో సరిపోల్చి, తోలువాని మాటను ప్రక్కన వ్రాసికొనవలెను. అతడు ‘ముందు పట్టుట లేదు’ అన్నపుడు గీతయు అదే చెప్పినచో, టైర్ల గాలిని, ముందరి యాంటీరోల్ కడ్డీ బిగువును సవరించి చూడవచ్చును. ఇంజను జోలికి పోనక్కరలేదు.

మదనపల్లెలోను, కుప్పములోను ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. అచటి విద్యార్థులు పందెపు బండి కట్టదలచినచో, మైదానమున సున్నముతో ఒక వలయము గీసి ఈ పరీక్షతో ఆరంభింపవలెను. గీతలు చదువునపుడు తోలిన కుర్రవానిని, ఊరి మెకానిక్కును కూడ బల్లవద్ద కూర్చుండబెట్టవలెను.