కట్టయు, కట్టుబాటును

వాగునకు అడ్డముగ మట్టి పోసినచో నీరు నిలుచును గాని, ఊరు నిలువదు. ఊరు నిలుచుటకు కట్టతోపాటు కట్టుబాటు గూడ నుండవలెను. ఇందుకు నిదర్శనముగ హర్యానా రాష్ట్రమున శివాలిక్ కొండల పాదమున నున్న సుఖోమాజ్రీ యను చిన్న గ్రామమును మా పాఠకుల యెదుట నుంచుచున్నాము.

చండీగఢ్ నగరమున 1958వ సంవత్సరమున ఒక వాగునకు కట్ట వేసి సుఖ్నా సరస్సును నిర్మించిరి. కొలది యేండ్లకే యది మేటవేయ నారంభించెను. ఎగువ కొండలనుండి కొట్టుకొనివచ్చు మన్నే యిందుకు కారణము. కొండలపై మేకలను మేపుకొను పేదలపై నేరము మోపుట సులభము. వారిని తఱిమివేయ జూచుట యింకను సులభము. మృత్తికా సంరక్షణ శాస్త్రజ్ఞులగు శ్రీ పి. ఆర్. మిశ్రాగారు అట్లు చేయక, ఊరివారి కష్టమేమో విచారించిరి. వారి పైరులకు వానయే దిక్కు. కావుననే వారు పశువులను నమ్ముకొనిరి. 1976లో అచ్చట చిన్న మట్టికట్ట యొకటి లేచెను.

అంతటితో చిక్కు తీరలేదు. నీరు పొలము గలవారికే పారినచో, పొలము లేనివాడు తన మేకల నేల మానుకొనును? న్యాయస్థానములలో నీటిహక్కు సాధారణముగ భూమి నంటియుండును. 1882 నాటి ఈజుమెంట్ల చట్టమున గూడ ఈ భావమే కలదు. సుఖోమాజ్రీ వేఱొక న్యాయము నేర్పఱచుకొనెను. భూమి యున్నను లేకున్నను ప్రతి కుటుంబమునకును నీటిలో సమభాగము. అక్కఱలేనివాడు తన వంతు నమ్ముకొనవచ్చును. ప్రతిగ ఊరివారెల్లరు కొండపై మేపు మానుకొనిరి. ఊరి మాటయే కంచె యయ్యెను. మేకలు తగ్గి గేదెలు పెరిగెను. కొండపై గడ్డి మొలచెను. నగరపు సరస్సునకు వచ్చు మన్ను మిక్కిలి తగ్గెను. పేదపల్లెకు జరిగిన న్యాయమువలన నగరము గూడ బాగుపడెను.

మన తెలుగునాట వాగులపై గూడ చెక్‌డ్యాములు లేచుచున్నవి. శిలాఫలకముపై ఎవరి పేరుండవలెనను విషయమున నున్న శ్రద్ధ, నీటిలో ఎవరికెంత వంతు అను విషయమున తఱచుగ కానరాదు. ఎగువపల్లెయు దిగువపల్లెయు, రైతును కూలియు ఒక్కచోట గూర్చుండి, పార పట్టుటకు ముందే యీ లెక్క తేల్చుకొనవలెనని మా మనవి. నీరు నిండిన పిమ్మట జరుగు ఒడంబడిక బలవంతుని యొడంబడికయే యగును.