ఏ జట్టు మనది?

ఏటా ఐపీఎల్ మొదలయ్యేసరికి మా దాచేపల్లి యౌవనస్థుల కూడికలో ప్రార్థన ముగిసిన తరువాత అర్ధగంట సేపు ఎవరూ ఇంటికి కదలరు. చెప్పులు వేసుకునే చోటనే వాదన మొదలవుతుంది. ఒకరు హైదరాబాదు పక్షము, ఒకరు ధోనీ కోసం చెన్నై పక్షము, ఇద్దరు ముగ్గురు కోహ్లీ కోసం బెంగుళూరు పక్షము. చివరకు "అయ్యగారూ, మీరే చెప్పండి" అని మా వైపు తిరుగుతారు. వారు అడిగేవి తిరిగి తిరిగి రెండే ప్రశ్నలు. రాష్ట్రము రెండైన తరువాత కూడా హైదరాబాదు జట్టు మనదేనా? పట్టికలో మొదట నిలిచినవారిని విడిచిపెట్టి ఆఖరి రాత్రి గెలిచినవారికి కప్పు ఇవ్వడము న్యాయమేనా?

పనిలేని మాటలని కొట్టివేసే పెద్దలున్నారు. కాని ఈ మాటల మీదనే ఒక ఇంటి అన్నదమ్ములు వేసవి అంతా పలుకరించుకోకుండా ఉండడము మేము చూశాము. వారి తల్లి ఒకే వంట రెండుసార్లు వడ్డించవలసి వచ్చింది. అందుచేత ఈ నెల ఈ సంగతే మాట్లాడుకుందాము.

మొదటి ప్రశ్నకు మా ఊరు ఉన్న చోటును చూస్తేనే సగము జవాబు దొరుకుతుంది. 2022 వరకు మాది గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లా. మా ఊరి మీదుగా పోయే రోడ్డు కృష్ణ దాటితే వాడపల్లి, ఆపైన మిర్యాలగూడ, అంటే తెలంగాణ. చదువుకైనా, పనికైనా, పెద్ద ఆసుపత్రికైనా మావారు హైదరాబాదు బస్సు ఎక్కుతారు. 2014లో రాష్ట్రము విడిపోయినది గాని ఆ బస్సు ఆగలేదు. పైగా ఆంధ్రప్రదేశ్ పేరున ఐపీఎల్‌లో వేరే జట్టు లేదు. కనుక హైదరాబాదును "మన జట్టు" అనడానికి మావారికి అడ్డేమీ కనబడదు.

అయితే ఆ జట్టు కాగితాల మీద ఎవరిది అని చూస్తే కథ వేరు. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు హైదరాబాదు పేరున ఆడినది డెక్కన్ చార్జర్స్. దాని యజమానులు డెక్కన్ క్రానికల్ పత్రికవారు. మొదటి ఏడు 14 ఆటలలో రెండే గెలిచి ఎనిమిది జట్లలో ఆఖరున నిలిచింది. మరుసటి ఏడు మన దేశములో ఎన్నికల కారణముగా పోటీలు దక్షిణాఫ్రికాకు తరలిపోతే, గిల్‌క్రిస్ట్ నాయకత్వములో అదే జట్టు జొహానెస్‌బర్గ్‌లో బెంగుళూరును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలిచింది. 2012లో క్రికెట్ బోర్డువారు ఆ జట్టునే రద్దుచేశారు. చెన్నైకి చెందిన సన్ టీవీ సంస్థ ఏడాదికి 85.05 కోట్ల రూపాయలకు పాటపాడి ఆ స్థానము దక్కించుకొని, సన్‌రైజర్స్ అని కొత్త పేరు పెట్టింది. చెన్నై పేరు వింటేనే మండిపడే మా హైదరాబాదు అభిమానులకు, తమ జట్టు యజమానులు చెన్నైవారేనని గుర్తుచేస్తే కొంచెము సేపు మౌనముగా ఉంటారు. ఆ మౌనము కోసమే మేము అప్పుడప్పుడు గుర్తుచేస్తుంటాము.

ఆటగాళ్ళ సంగతీ అంతే. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు ఐపీఎల్‌లో ఒక్కరోజు కూడా హైదరాబాదు పక్షాన ఆడలేదు. ముంబయితో మూడు, చెన్నైతో మూడు, మొత్తము ఆరు కప్పులు ఎత్తాడు. 2018 మే 13న పూణేలో హైదరాబాదు మీదనే వంద పరుగులు కొట్టాడు. ఆ సాయంత్రము మా గుంటూరువారు చప్పట్లు కొట్టాలో, తల పట్టుకోవాలో తెలియక పడిన అవస్థ చెప్పనలవికాదు. ఇటు చూస్తే ఆస్ట్రేలియా నుండి వచ్చిన వార్నర్ మన సినిమా పాటలకు అడుగులు వేసి తెలుగువారి ఇంటిమనిషి అయిపోయాడు. 2016లో కప్పు తెచ్చినదీ ఆయన నాయకత్వమే. 2021లో ఆయననే పోటీల మధ్యలో నాయకత్వము నుండి తప్పించి, తరువాత ఆడే పదకొండుమందిలో కూడా చోటు లేకుండా చేశారు. మా పిల్లలు ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు. ఇప్పుడు విశాఖపట్నము కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డిని చూచుకొని మురుస్తున్నారు.

జట్టు యజమానిది, ఆటగాడు వేలంపాటది, పేరు మాత్రము ఊరిది. అభిమాని పట్టుకొని కూర్చునేది ఆ పేరునే. ఇది మనకొక్కరికే వచ్చిన కష్టము కాదు. అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట ఉన్నది. న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్ వారికి డాడ్జర్స్ అని ఒక జట్టు ఉండేది. 1955లో ఎంతోకాలము ఎదురుచూచిన కప్పు గెలిచింది. మూడేళ్ళు తిరగకముందే, 1958కి, యజమాని ఆ జట్టును దేశము ఆ చివరన ఉన్న లాస్ ఏంజిలిస్‌కు తరలించుకొని పోయాడు. బ్రూక్లిన్‌వారిని అడిగినవాడు లేడు. చికాగోలో కబ్స్ అనే జట్టు అభిమానులు 1908లో ఒక కప్పు చూచి, తరువాతి కప్పు 2016లో చూశారు. తాతలు ఎదురుచూచి చనిపోతే మనుమలు గెలుపు చూశారు. ఇటువంటి ఓర్పును మేము తక్కువచేసి మాట్లాడలేము.

బెంగుళూరువారూ 18 సీజన్లు ఎదురుచూశారు. 2025 జూన్ 3న అహమ్మదాబాదులో పంజాబును 6 పరుగులతో ఓడించి వారి జట్టు మొదటిసారి కప్పు గెలిచింది. మరునాడు బెంగుళూరు స్టేడియము గేట్ల దగ్గర జరిగిన తొక్కిసలాటలో 11 మంది ప్రాణాలు పోయాయి. కప్పును కళ్ళారా చూద్దామని వెళ్ళినవారు వారు. ఆ వారము మా కూడికలో ఏ జట్టు పక్షమువారూ నోరు విప్పలేదు.

ఇక రెండవ ప్రశ్న, న్యాయము సంగతి. ఐపీఎల్ మొదటి మూడేళ్ళు, అంటే 2010 వరకు, పట్టికలో మొదటి నాలుగు జట్లు సెమీఫైనల్ ఆడేవి. మొదటివారికి నాలుగవవారితో, రెండవవారికి మూడవవారితో పోటీ. ఓడితే ఇంటికే. 2009లో ఢిల్లీ 10 ఆటలు గెలిచి 20 పాయింట్లతో మొదట నిలిచింది. మన డెక్కన్ చార్జర్స్ ఏడే గెలిచి 14 పాయింట్లతో నాలుగవ స్థానములో ఉన్నది. పంజాబుకూ అవే 14 పాయింట్లు. రన్‌రేటు లెక్కలో మనవారు ముందున్నారు. సెమీఫైనల్లో గిల్‌క్రిస్ట్ 35 బంతులలో 85 పరుగులు బాదాడు, ఢిల్లీ అయిదు వారాల కష్టము ఒక్క రాత్రిలో పోయింది. ఆ రాత్రి మా ఊరిలో "ఇది అన్యాయము" అన్నవారు ఒక్కరూ మాకు కనబడలేదు.

2011లో పద్ధతి మారింది. మొదటి ఇద్దరు తమలో తాము ఆడతారు. గెలిచినవారు నేరుగా ఫైనలుకు, ఓడినవారికి ఇంకొక అవకాశము. మూడవ, నాలుగవ స్థానాలవారు ఓడితే ఇంటికి. గెలిస్తే ఆ రెండవ అవకాశము మిగిలినవారితో ఆడాలి. ఈ పద్ధతి మనవారు కనిపెట్టినది కాదు. ఆస్ట్రేలియాలో విక్టోరియా ఫుట్‌బాల్ లీగువారు 1931లోనే మొదలుపెట్టారు. కష్టపడి పైన నిలిచినవారికి కొంత ఆదరువు, కింద ఉన్నవారికి కొంత ఆశ. మా దృష్టిలో ఇది పాత పద్ధతికంటె మేలు. ఈ పద్ధతిలో మూడు లేక నాలుగవ స్థానము నుండి వచ్చి కప్పు గెలిచినవారు 2025 వరకు ఒక్కరే: 2016లో మన సన్‌రైజర్స్. మూడవ స్థానము నుండి కోల్‌కతాను, గుజరాత్ లయన్స్‌ను, ఫైనల్లో బెంగుళూరును వారి సొంత మైదానములోనే వరుసగా ఓడించారు.

2018కి వచ్చేసరికి కథ తిరగబడింది. హైదరాబాదు, చెన్నై ఇద్దరికీ 18 పాయింట్లే. రన్‌రేటుతో హైదరాబాదు మొదటి స్థానము. కాని ఆ ఏడు చెన్నై చేతిలో నాలుగుసార్లు ఆడి నాలుగుసార్లూ ఓడింది, నాలుగవది ఫైనల్. అప్పుడు మా హైదరాబాదు పక్షము యౌవనస్థులకు ఉన్నట్టుండి న్యాయము గుర్తుకు వచ్చింది. "పట్టికలో మొదట నిలిచింది మేము, అసలు విజేతలము మేమే" అన్నారు. 2009లో ఢిల్లీవారు కూడా అదే మాట అని ఉంటారు కదా అంటే, అది వేరు అయ్యగారూ అన్నారు. ఎలా వేరో చెప్పలేదు.

2019లో ఇంకా తమాషా. 14 ఆటలలో ఆరే గెలిచిన సన్‌రైజర్స్ 12 పాయింట్లతో నాలుగవ స్థానము సంపాదించింది. 12 పాయింట్లతో అంతవరకు ఎవరూ పైకి వెళ్ళలేదు. కోల్‌కతాకు, పంజాబుకు కూడా అవే 12. మళ్ళీ రన్‌రేటే కాపాడింది. (ఆ తరువాతి ఆట విశాఖపట్నములో జరిగితే ఢిల్లీ చేతిలో 2 వికెట్ల తేడాతో ఓడింది, అది వేరే సంగతి.) ఆ ఏడు రన్‌రేటు అంత గొప్ప కొలబద్ద లోకములో లేదన్నవారే, ఇతరులను అది కాపాడినప్పుడు "లెక్కల మాయ" అన్నారు.

ఆ లెక్క మా సంఘములో ఒక మిరపరైతుకు చెప్పినప్పుడు ఆయన చప్పున గ్రహించాడు. ఓవరుకు మనము చేసిన సగటు పరుగులలోనుండి ఎదుటివారు చేసిన సగటు పరుగులు తీసివేయాలి, అన్ని ఆటలూ కలిపి. "ఎకరాకు దిగుబడి లాంటిదే కదా" అన్నాడు. జట్టు 15 ఓవర్లకే అందరూ అవుటైతే 20 ఓవర్లకూ లెక్కకట్టాలని చెబితే నవ్వాడు. "ఇరవై ఎకరాలు కౌలుకు పట్టి అయిదెకరాలు ఎండబెట్టుకుంటే, కౌలు ఇరవైకీ కట్టొద్దా మరి!" ఇంతకంటె బాగా టీవీలో ఎవరూ చెప్పగా మేము వినలేదు. 2024 మే 18న చెన్నై, బెంగుళూరు చివరి లీగు ఆటలో 27 పరుగుల తేడాతో ఓడింది. 17 పరుగుల లోపు తేడాతో ఓడి ఉంటే ఓడి కూడా పైకి వెళ్ళేది. ఇద్దరికీ 14 పాయింట్లు; బెంగుళూరు రన్‌రేటు 0.459, చెన్నైది 0.392. మా ధోనీ పక్షమువారు అన్నము మానివేసింది ఆ దశాంశముల దగ్గరనే.

ఇదంతా చూచిన తరువాత మేము ఒక పని చేశాము. ఒక మార్చి నెలలో, ఒక్క ఆటా మొదలుకాకముందే, ప్రతి ఒక్కరికీ ఒక కాగితమిచ్చి ఏ పద్ధతి న్యాయమో వ్రాసి సంతకము పెట్టమన్నాము. ఏ జట్టు ఎక్కడ నిలుస్తుందో తెలియనప్పుడు అందరి చేతివ్రాతా దాదాపు ఒకే మాట వ్రాసింది: పై ఇద్దరికి రెండు అవకాశాలుండాలి, పాయింట్లు సమానమైతే రన్‌రేటు చూడాలి. అంటే ఇప్పుడున్న నియమమే. మే నెలలో గొంతు పెరిగినప్పుడల్లా బీరువా తాళము చేతిలోకి తీసుకున్నాము, అంతే. కొరింథు ఊరి ప్రక్కన రెండేళ్ళకొకసారి పెద్ద ఆటలు జరిగేవి. అక్కడి విశ్వాసులూ పౌలు పేరున, అపొల్లో పేరున, కేఫా పేరున పక్షాలు కట్టుకున్నారు. పక్షము కట్టే అలవాటు మైదానములో ఆగదు, గుమ్మము దాటి లోపలికి వస్తుంది.

పల్నాడువారికి ఇది ఒకరు చెప్పవలసిన పని లేదు. నాగులేరు మా ఊరి ప్రక్కన పారే ఏరు. కారంపూడిలో వీరుల గుడి దగ్గర పారేదీ అదే. గురజాలవారు, మాచర్లవారు ఒక కోడిపందెము ఆడారు. ఓడినవారు ఏడేళ్ళు రాజ్యము విడిచిపోవాలని పందెము. నాగమ్మ పుంజు మోసముతో గెలిచిందని ఓడినవారి పక్షము చెప్పుకుంటుంది. గడువు తీరినా రాజ్యము తిరిగి ఇవ్వలేదు. ఆటలో తెగని తగాదా కారంపూడి యుద్ధములో తెగింది. అక్కడ కోడి కాదు చెరిచినది, కోడి మీద పెట్టినది.

ఇప్పటి పందెము ఫోనులోకి వచ్చింది. ఐపీఎల్ నడిచే ఏప్రిల్, మే నెలలే మాకు మిరప అమ్ముడై డబ్బు చేతికి వచ్చే రోజులు, కౌలు కట్టవలసిన రోజులు కూడా. ఆన్‌లైన్ పందేలను మన రాష్ట్రము 2020లో నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ కేంద్రము 2025 ఆగస్టులో చట్టము చేసింది. అయినా నోటిమాట మీద, టీకొట్టు దగ్గర నడిచేది నడుస్తూనే ఉంది. 2024 ఫైనల్లో సన్‌రైజర్స్ చెన్నైలో 113 పరుగులకే అవుటైన రాత్రి, మా ప్రాంతములో ఒక యువకుడు రెండెకరాల కౌలు డబ్బు పోగొట్టుకున్నాడు. ఆ సీజనులో అదే జట్టు ఒక ఆటలో 287 కొట్టింది కదా అనే ధైర్యము. అతడు మాతో అన్న మాట ఏమిటంటే, డబ్బు పెట్టడము మొదలైనప్పటి నుండి ఆట కంటికి ఆనలేదట. తన జట్టు గెలిచిన రోజున కూడా ఎక్కువ పెట్టలేదే అని ఏడుపేనట. రెండేళ్ళు తండ్రి ముఖము చూడలేకపోయాడు.

అతని తల్లిదండ్రులు ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నారు. మిరప సొమ్ము వచ్చిన రోజే కౌలు మొత్తము భూస్వామికి కట్టి, రసీదు తల్లి పెట్టెలో పెడతారు. మిగిలినది బ్యాంకులో తల్లి పేరున వేస్తారు. మా సంఘములో ఇంకా మూడు కుటుంబాలు అలాగే చేస్తున్నాయి. ఆ కుర్రవాడు ఇప్పటికీ సన్‌రైజర్స్ పక్షమే. ఆట ఉన్న రాత్రి ఫోను తల్లికిచ్చి, తండ్రి ప్రక్కన మంచము మీద కూర్చొని టీవీలో చూస్తున్నాడు. తండ్రి చెన్నై పక్షము.