బస్సు బోధన్ చేరేలోపు

2025 ఆగస్టు 1న జాతీయ సినిమా అవార్డులు ప్రకటించారు గదా. అవన్నీ 2023లో వచ్చిన సినిమాలకు. పాటల వరకు తెలుగువాళ్లకు పండగే. ‘బలగం’లో ‘ఊరు పల్లెటూరు’ రాసిన కాసర్ల శ్యామ్ ఉత్తమ గీత రచయిత. ‘బేబీ’లో ‘ప్రేమిస్తున్నా’ పాడిన పీవీఎన్ఎస్ రోహిత్ ఉత్తమ గాయకుడు. పాటల సంగీతానికి జి.వి.ప్రకాశ్ కుమార్‌ని ఎంపిక చేసింది తమిళ ‘వాత్తి’కి. తెలుగులో అదే ‘సార్’ కాబట్టి సగం మనదే అనుకున్నా ఎవరూ ఏమీ అనరు. టీవీలో ఆ వార్త చూసి నేను చేసిన మొదటి పని, బీరువా మీదున్న 2023 డైరీ కిందికి దించడం.

ఏటా డిసెంబర్ ఆఖరి వారంలో ఆ ఏడు నాకు నచ్చిన ఆల్బమ్‌లు వరసగా రాసుకోవడం నాకో అలవాటు. రాయమని ఎవరూ అడగరు, రాశాక ఎవరూ చూడరు. ‘కరెంటు బిల్లు ఎక్కడ పెట్టిన్రో రాసుకుంటే అదన్న పనికొచ్చు’ అంటుంది మా ఆవిడ.

ఈ జబ్బుకు మూలం చెరుకు. మా ఇంట్లో ఏడాది జనవరితో మొదలయ్యేది కాదు, క్రషింగ్‌తో మొదలయ్యేది. చెరుకు బండి శక్కర్‌నగర్ పోవాలి, తూకం కావాలి, బిల్లు రావాలి. బిల్లు చేతికొచ్చాక నాన్న మమ్మల్ని నిజామాబాద్ తీసుకుపోయేవాడు. అమ్మకు చీర, నాకు క్యాసెట్. ఒకటే క్యాసెట్! రెండోది అడిగితే మొదటిదీ ఉండదు. అందుకని ఏడాది పొడుగునా హోటళ్లలో, పెళ్లి మైకుల్లో, రేడియోలో విన్నవన్నీ మనసులో పక్కపక్కన పెట్టి తూచుకునేవాణ్ని. క్యాసెట్లు పోయాయి గాని ఆ తూకం పోలేదు.

తూకానికి నా దగ్గరున్న కాటా ఒక్కటే. నిజామాబాద్ బస్టాండ్‌లో బస్సెక్కి ఆల్బమ్ పెట్టుకుంటే, బోధన్‌లో దిగేలోపు ఒక్క పాటనూ దాటేయాలనిపించకూడదు. పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారి. మూతపడ్డ సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉన్న సారంగాపూర్, తర్వాత జానకంపేట, ఎడపల్లి, ఆ చివర 2015 డిసెంబర్‌లో ఆగిపోయిన నిజాం షుగర్స్. ఒకప్పుడు సీజన్‌లో ఈ దారంతా చెరుకు లారీల వెనక నత్తనడకే. ఇప్పుడు బస్సు తొందరగానే చేరుతుంది. పాటలకు టైం తగ్గింది.

పైగా ఈ రోజుల్లో ఆల్బమ్ అనేది ఒక్కసారిగా రాదు. లిరికల్ వీడియో అని నెలకో పాట వదులుతారు. వాయిదాల మీద కట్టే బాకీలాగా. అన్నీ వచ్చేసరికి మొదటిది పాతబడిపోతుంది. అయినా నేను ఆగి, అన్నీ కలిసొచ్చాకే బస్సెక్కుతాను.

డైరీలో 2023 పేజీలో ‘నాటు నాటు’ లేదు. ఆ మార్చి 13 పొద్దున ఆస్కార్ అందుకున్నప్పుడు నేనూ మీలాగే టీవీ ముందు చప్పట్లు కొట్టినవాణ్నే. కాని ‘ఆర్ఆర్ఆర్’ 2022 సినిమా. లెక్క లెక్కే.

‘బేబీ’కి ఆరో నంబరు వేశాను. ఆ ఏడు కాలేజీ పిల్లలు ఎక్కిన ప్రతి బస్సులో అదే. విజయ్ బుల్గానిన్ సంగీతం ఎడపల్లి దాకా నన్ను బాగానే తీసుకొచ్చింది, ఆ తర్వాత కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాను. రోహిత్ గొంతుకు అవార్డు రావడం మాత్రం న్యాయమే. ఐదోది ‘రంగమార్తాండ’. ఇది మరాఠీ ‘నటసామ్రాట్’ నుంచి వచ్చింది. మంజీర దాటితే మహారాష్ట్రే కాబట్టి మా వైపు మరాఠీ ఎరిగిన ఇళ్లకు ఆ కథ కొత్త కాదు. ఇళయరాజా అనగానే ఆకాశమంత ఆశ పెట్టుకున్నాను. చివరికి పాటలకన్నా చిరంజీవి గొంతులో లక్ష్మీ భూపాల రాసిన షాయరీనే ఎక్కువసార్లు విన్నాను. నాలుగు ‘ఖుషి’. అందులో ‘నా రోజా నువ్వే’లో మణిరత్నం సినిమాల పేర్లు గుచ్చారు. ఆ పేర్లు లెక్కపెట్టుకుంటూ పాట వినడం మరిచిపోయాను. అది నా తప్పా, పాట తప్పా అనేది మీరే తేల్చండి.

అదే హేషమ్ అబ్దుల్ వహాబ్ మూడు నెలల తర్వాత ‘హాయ్ నాన్న’ ఇచ్చాడు. రెండో నంబరు. మలయాళీ అయినా తెలుగు మాట నలగకుండా బాణీ కట్టాడు. ‘సమయమా’ పాట వచ్చినప్పుడల్లా పక్కసీటు వాళ్లకు నేనొక మాట చెప్పేవాణ్ని, ఆ పాడుతున్న అనురాగ్ కులకర్ణి మన కామారెడ్డి పిల్లవాడని. పదిమందికి చెబితే ఎనిమిది మంది నమ్మలేదు. మన పక్కూరి పిల్లవాడు అంత మెత్తగా పాడతాడంటే మనకే నమ్మకం ఉండదు!

మూడోది ‘దసరా’. సంతోష్ నారాయణన్ తమిళుడు, కథ బొగ్గు గనుల పక్కది. ‘ధూమ్ ధామ్ దోస్తాన్’లో రాహుల్ సిప్లిగంజ్ పక్కన గొట్టె కనకవ్వ, పాలమూరు జంగిరెడ్డి లాంటి పల్లె గొంతులు పెట్టాడు. ‘చమ్కీల అంగీలేసి’ సరేసరి, ఆ వేసవిలో అది లేకుండా మా వైపు బరాత్ కదల్లేదు. ఆ రెండు పాటలూ రాసింది కాసర్ల శ్యామే. మార్చి 3న ‘బలగం’, 27 రోజులకు ‘దసరా’. మా మాట సినిమాలో హాస్యగాడి నోట్లోనో, రౌడీ నోట్లోనో వినపడితే చిన్నప్పుడు థియేటర్లో తలొంచుకుని నవ్వినవాళ్లం. 2017లో ‘ఫిదా’ బాన్సువాడలో తీసినప్పుడు హీరోయిన్ ఆ మాట మాట్లాడింది. ఆరేళ్లు తిరిగేసరికి పాటే ఆ మాటలో వచ్చింది.

ఇక ‘బలగం’. దర్శకుడు వేణు యెల్దండి, సంగీతం భీమ్స్ సిసిరోలియో. నిర్మాతల్లో ఒకరు హన్షిత, మా నర్సింగ్‌పల్లి దిల్ రాజు కూతురు. దీనికి మొదటి నంబరు వేశానని చెబితే మా మేనల్లుడు ఒప్పుకున్నాడు. ఎందుకు వేశానో చెబితే ఒప్పుకోలేదు. అవార్డు వచ్చిన పాట కోసం కాదు. చివర్లో బుడగ జంగాల మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాట కోసం. చచ్చిపోయిన పెద్దాయన గురించి ఆయన పిల్లల ముందే పాడతారే, అది.

“సినిమాకు ముందు వచ్చిన పాటలల్ల అది లేదు గద మామా. ఆల్బమ్‌ల లేని పాటకు మార్కులెట్ల ఏస్తవ్?” అన్నాడు వాడు.

న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే మా పెద్దమ్మ సంగతి చెప్పాలి.

ఆమెది కోటగిరి అవతల పల్లె. ఆ రోజుల్లో నాట్లలో ఆమె ఎత్తుకుంటే మడి మొత్తం అందుకునేది. ఎవరింట్లోనైనా చావైతే శోకాలకు ఆమెనే పిలుచుకుపోయేవారు. పోయినవాళ్ల మంచీచెడూ వరసగా పెట్టి ఏడ్చి పాడేది. అలాంటి మనిషి, మా పెద్దనాన్న పోయిన రోజు ఒక్క శోకం తీయలేదు. ఆ తర్వాత ఆరేళ్లు బతుకమ్మకు కూడా గొంతు విప్పలేదు.

2023 వేసవిలో చాలా పల్లెల్లో తెరలు కట్టి ‘బలగం’ చూశారు. వాళ్ల ఊళ్లోనూ చూశారు. చివరి పాటకు అందరూ కొంగులు తడుపుకుంటుంటే పెద్దమ్మ మాత్రం చలించకుండా చూసింది. తెల్లారి వాకిట్లో మిరపకాయలు తొడిమలు తీస్తూ తనే ఆ మాట ఎత్తింది.

“మంచిగనే పాడిన్రు బిడ్డా. గని మా దిక్కు గట్ల ఎత్తుకోరు” అంది.

“మరెట్ల పెద్దమ్మా?” అన్నాను.

ఎత్తుకుంది. చేతిలో పని ఆపలేదు. మేనల్లుడు ఫోన్ తీసి పక్కన పెట్టాడు. పదకొండు నిమిషాలు. పెద్దనాన్నను పేరు పెట్టకుండా పిలిచి, ఒక్కొక్కటీ అడిగింది. శక్కర్‌నగర్ గేటు ముందు రెండు రాత్రులు బండి వరసలో నిలబడి ఏం తిన్నావని. తూకంలో ఎంత పోయిందో నాకెందుకు చెప్పలేదని. ఎడ్లు రెండింటినీ పేర్లు పెట్టి పిలిచి, ఏ సంతలో వాటి పగ్గం వదిలావని. కొడుకు హాస్టల్ ఫీజుకు అమ్మిన ఎడ్లు మేతకు చచ్చాయని ఇంట్లో ఎందుకు బొంకావని.

ఆ కొడుకు, అంటే మా అన్న, నిజామాబాద్‌లో పంతులు. గడపలో నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి. ఆ ఎడ్ల సంగతి అతను వినడం అదే మొదటిసారి. చెప్పులేసుకుని పొలం దిక్కు వెళ్లినవాడు మధ్యాహ్నం దాకా రాలేదు.

ఆ డిసెంబర్‌లో డైరీ తీసినప్పుడు ‘బలగం’ ఒకటో నంబరు వేసి, దాని పైన నంబరు లేకుండా ‘పెద్దమ్మ, 11 నిమిషాలు’ అని రాసుకున్నాను. “దానికి మ్యూజిక్ లేదు గద మామా” అని మేనల్లుడు నసిగాడు గాని, ఈసారి గట్టిగా అనలేదు. ఆ పదకొండు నిమిషాలు నేను బస్సులో పెట్టుకుని చూశాను కూడా. అప్పటికి జానకంపేట దాటాం. మిగతా దారంతా ఇంకేమీ పెట్టుకోలేదు.

అవార్డులు వచ్చిన వారంలోనే పెద్దమ్మ దగ్గరికి పోయాం. ‘బలగం’ పాటకు ఢిల్లీలో అవార్డు ఇస్తున్నారని మేనల్లుడు చెప్పాడు.

“గా ముసలాయన పాటకేనా?”

కాదు, వేరే పాటకని చెప్పాను. మొగిలయ్య 2024 డిసెంబర్ 19న పోయాడని కూడా చెప్పాను. అన్నట్టు, ఈయన కిన్నెర వాయించే పద్మశ్రీ దర్శనం మొగిలయ్య కాదు. ఇద్దరినీ ఒకరే అనుకునేవాళ్లు ఇప్పటికీ కనబడుతుంటారు. ఈయనది వరంగల్ వైపు దుగ్గొండి.

పెద్దమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయన భార్య పేరు అడిగింది. కొమురమ్మ అన్నాను. ఆ పేరు తనలో తనే ఒకసారి అనుకుని, మేనల్లుడి వైపు తిరిగింది.

“ఇంక రెండున్నయ్ నా దగ్గర. నాట్లయినంక రాండ్రి. ఫోన్ల చార్జింగు నిండ పెట్టుకొని రా, పోయినసారి నడిమిట్లనే టింగుమన్నది” అంది.