కేబుల్ వచ్చింది, సారథి ఏడీ?

చెన్నై నుంచి అండమాన్ దీవులకు సముద్రం అడుగున వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. పొడవు 2,300 కిలోమీటర్లు, ఖర్చు దాదాపు రూ. 1,224 కోట్లు. అంతకుముందు దీవులన్నీ ఉపగ్రహం విదిల్చే కాస్త బ్యాండ్‌విడ్త్‌తోనే సరిపెట్టుకునేవి. తీగ తన పని తాను చేసింది. కాలేజీల్లో దాన్ని ఏం చేసుకోవాలో తేల్చేవారెవరు?

పోర్ట్‌బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం)లో జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం 1967లో మొదలైంది. ఇక్కడ 'రాజకీయ' అంటే ప్రభుత్వ అని అర్థం, మన రాజకీయం కాదు లెండి. దశాబ్దాల పాటు దాని పట్టాలు, పరీక్షలు సముద్రం ఆవలి పాండిచ్చేరి యూనివర్సిటీ చేతిలోనే ఉన్నాయి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన మనవాళ్ల పిల్లలకూ డిగ్రీ చదువంటే ముందు గుర్తొచ్చేది ఈ కాలేజీయే. 2011 జనగణన ప్రకారం దీవుల్లో 13 శాతం మంది మాతృభాష తెలుగు.

స్వయం పోర్టల్ ద్వారా 40 శాతం దాకా కోర్సులు చదివి క్రెడిట్లు పొందవచ్చని యూజీసీ 2021లో అనుమతించింది. 500 కిలోమీటర్లకు పైగా దూరంలోని క్యాంప్‌బెల్ బే నుంచి ఓడెక్కి వచ్చే విద్యార్థికి ఇంతకంటే కావలసిందేముంది? కానీ ఏ కోర్సులు తీసుకోవాలి, సందేహాలు ఎవరు తీర్చాలి, పరీక్ష ఎక్కడ పెట్టాలి? ఇవి కంప్యూటర్ ప్రశ్నలు కావు, పాలనా నిర్ణయాలు. మన ప్రభుత్వ కాలేజీల్లో సాధారణంగా ఈ భారమంతా 'అదనపు బాధ్యత' పేరుతో ఓ కుర్ర లెక్చరర్ నెత్తిన పడుతుంది. సర్వర్ ఆగితే మాట పడేది ఆయనే. కొత్తది కొనే కాగితం మీద సంతకం మాత్రం ఆయనది కాదు.

శిక్షణ లేదని కాదు. కేంద్రం 2018లో లీప్ పేరుతో ఉన్నత విద్యాసంస్థల్లోని రెండో స్థాయి అధికారులకు మూడు వారాల నాయకత్వ కార్యక్రమం ప్రకటించింది. అప్పటికే పైమెట్టు దగ్గరకు చేరినవారి కోసమది. దీవుల అవసరం వేరు. అక్కడి పెద్ద అధికారులు ఢిల్లీ కేడర్ల నుంచి వచ్చి, కొన్నేళ్లకు బదిలీ అయి వెళ్లిపోతారు. ఒకరు మొదలుపెట్టిన పోర్టల్ పాస్‌వర్డ్ కోసం తర్వాతివారు వెతుక్కోవాల్సిన పరిస్థితి ఇలాంటి చోట్లే వస్తుంది. ఊళ్లోనే ఉండిపోయేది ఆ లెక్చరరే. శిక్షణ ఇవ్వాల్సింది ఆయనకు. దానితోపాటు వారంలో కొన్ని క్లాసుల మినహాయింపు, చిన్నదైనా సొంత బడ్జెట్, ప్రిన్సిపాల్ సమావేశంలో ఓ కుర్చీ కూడా.