చీకటి సినిమాలూ మన తీర్పులూ

హాలీవుడ్ నేరచిత్రాలన్నీ డాలరు సంస్కృతి చెత్త అని విశాఖ మిత్రులు కొందరు ఒక్క మాటతో తోసిపారేస్తున్నారు. నేనొప్పుకోను.

రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ను మనం నెత్తిన పెట్టుకున్నాం. వాటిలో సారా ఉందనా? కాదు. నేరం వెనకున్న పోలీసునీ, ప్లీడరునీ, డబ్బునీ ఆ విశాఖ వకీలు బయటికి లాగాడు గనక.

మరి ఏబ్రహాం పొలాన్‌స్కీ 1948లో తీసిన ‘ఫోర్స్ ఆఫ్ ఈవిల్’ చేసిందేమిటి? నాయకుడు జూదపు ముఠాకి వకీలు. జూలై 4న జనం దేశాభిమానంతో కాసే 776 అంకెనే ముఠా గెలిపిస్తుంది. పందేలు చెల్లించలేక చిన్న జూదశాలలు దివాలా తీస్తే వాటిని మింగాలని దాని ఎత్తు. ఆ చిన్నవాళ్ళలో వకీలు సొంత అన్నే ఉన్నాడు. గుత్తపెట్టుబడి మీద ఇంతకన్నా సూటి పాఠం ఏముంది?

అందులో ఎర్రజెండా లేదు, నిజమే. కాని చీకటిని చూపడం చీకటిని పొగడడం కాదు.

1951లో విచారణ సంఘం ముందు తోటివారి పేర్లు చెప్పనన్నందుకు పొలాన్‌స్కీని నిషేధపు జాబితాకెక్కించారు. దర్శకుడిగా అతని రెండో చిత్రం 1969లో గాని రాలేదు. పెట్టుబడి తన శత్రువుని గుర్తుపట్టింది. మనం మన మిత్రుణ్ణి గుర్తుపట్టలేకపోతున్నాం!

విశాఖ ఉక్కులో ప్రభుత్వ వాటా అమ్మకానికి 2021లో కేంద్రం ఆమోదముద్ర వేసింది. దివాలా ఎవరికి లాభమో అడగడం నేర్పే చిత్రాన్ని ఈ ఊరే చూడకపోతే ఇంకెవరు చూస్తారు?