పుస్తకం మూస్తే చెయ్యి ఆగిపోతోంది!

బొబ్బిలి నుంచి ఒక సోదరి ఇలా వ్రాశారు: “మా అమ్మాయికి తొమ్మిదో ఏడు. వీణ చెప్పిస్తున్నాం. సరళీ వరిసలన్నీ నోటు పుస్తకంలో తప్పులేకుండా వ్రాసుకుంటుంది. పుస్తకం ఎదురుగా ఉంటే వాయిస్తుంది, మూస్తే చెయ్యి ఆగిపోతుంది. పుస్తకం అటక మీద పెట్టెయ్యమంటారు మాష్టారు. అది లేకపోతే రేపు ఏం గుర్తుంటుందంటారు మావారు. ఎవరి మాట వినమంటారు?”

ఇద్దరి మాటా వినండమ్మా. కాని ముందు మాష్టారి మాట.

మీ ఊరి పక్క గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు గదా. దాని మీద 24 మెట్లు మైనంలో కూర్చేటప్పుడు పనివాడు తీగ మీటి, చెవితో విని, మెట్టును అటూ ఇటూ జరుపుతాడు. ముందు చెవి, తరువాత మెట్టు. పిల్లలకూ అంతే: ముందు చెవి, తరువాత అక్షరం.

పాశ్చాత్య సంగీతానికి అయిదు గీతల మీద చుక్కలు. పిల్లలు కొత్త లిపే నేర్చుకోవాలి. మనకు ఆ శ్రమ లేదు, రెండో క్లాసు పిల్లకు వచ్చిన అక్షరాలే స్వరాలు. చిక్కంతా అక్కడే! ‘సరిగమ’ను ‘పలక’ అని చదివినట్టు చదివేస్తుంది. నోరు చదువుతుంది, చెవి చదవదు.

ఇలా చేసి చూడండి. కొత్త వరస ముందు నోటితో, చేత్తో తాళం వేస్తూ పాడించండి. తరువాత వీణ మీద. అది బాగా వచ్చాకే తనచేత వ్రాయించండి. ‘స’ అంటే ఒక అక్షరకాలం, ‘సా’ అంటే రెండు. పైన చుక్క ఉంటే తారస్థాయి, కింద ఉంటే మంద్రం. ఆదితాళమైతే నాలుగు అక్షరాలకొక గీత, మరి రెండింటికొక గీత, చివరి రెండింటికి జంట గీత. వారానికోసారి మీరే ఒక వరసలో ఒక స్వరం మార్చి వ్రాసి, తప్పెక్కడుందో పాడి పట్టుకోమనండి. ఆట అనుకుంటుంది, చదవడం వస్తుంది.

ఇక మీవారి మాట. మా అక్కయ్య కీర్తనలన్నీ నోటిపాఠంగానే నేర్చుకుంది. పెళ్ళి, పిల్లలు, సంసారం. ఇరవై ఏళ్ళకు మళ్ళీ వీణ దించితే ఒక కీర్తనలో చరణం సగం దగ్గర ఆగిపోయింది. అడుగుదామంటే మాష్టారు లేరు. ఈ రోజుల్లో ఫోనులో ఎన్ని పాటలైనా దొరుకుతాయి, నిజమే. కాని తన గురువు చెప్పిన పాఠాంతరం అందులో ఎక్కడ వెతుక్కుంటుంది?

అందుకే గదా సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని స్వరాలతో అచ్చు వేయించారు! తమిళదేశంలో వెలువడినా అది తెలుగు లిపిలోనే వచ్చింది. గమకాలకు సైతం ఆయన గుర్తులు పెట్టారు. అయినా తీగ ఎంత లాగాలో గురువు చెయ్యి చూసే తెలుసుకోవాలి.

కనుక పుస్తకం అటక మీద వద్దు, వీణ ముందూ వద్దు. సాధన అయ్యేదాకా మీ ఒళ్ళో ఉంచుకోండి. ఆగినచోట మీరు ఒక్క స్వరం అందిస్తే చాలు, తక్కినది దాని చెయ్యే వెతుక్కుంటుంది.