ఇల్లు అద్దెకివ్వబడును

ఆషాఢం వచ్చిందంటే హైదరాబాదు గల్లీల్లో గేట్లకు వేలాడే టు-లెట్ బోర్డులు నెల రోజులపాటు కదలవు. శూన్యమాసం కదా, కొత్త ఇంట్లో పాలు పొంగించరు, సామాను ఎత్తరు. ఓనరుగారు పొద్దున్నే గేటు తీసి, పాల ప్యాకెట్టు అందుకుంటూ ఆ బోర్డు వంక ఓసారి చూసి, నిట్టూర్చి లోపలికి వెళ్తారు. ఒక నెల అద్దె వానలో కొట్టుకుపోతున్నట్టే లెక్క. శ్రావణం మొదటి శుక్రవారానికల్లా బోర్డు మాయమవుతుంది, దానితోపాటు ఆయన మెత్తదనమూ మాయమవుతుంది. సరిగ్గా ఈ ఆషాఢం రోజుల్లోనే కాలేజీ వదిలిన పిల్లలు తొలి ఉద్యోగాల్లో చేరి, హాస్టల్ చారుతో విసిగిపోయి, ఇద్దరు ముగ్గురు కలిసి ఇల్లు వెతకడం మొదలుపెడతారు. పట్టింపు లేనివాళ్లకు అద్దె బేరమాడటానికి ఇంతకంటే మంచి నెల దొరకదు. పట్టింపు ఉన్నవాళ్లు ఆషాఢంలో చూసి, మాట అనుకుని, శ్రావణంలో దిగొచ్చు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు అద్దెకు దిగి చూడు అని ఎందుకో అనలేదు. కొందరు అద్దె అంటారు, కొందరు కిరాయి అంటారు. ఏ మాట అన్నా తొలిసారి దిగేవాళ్ల తిప్పలు ఒకటే. వాటిలో సగం డబ్బు లేక వచ్చేవి కావు, మొహమాటంతో వచ్చేవి. రైతుబజారులో కిలో వంకాయలకు ఒక్కోదాన్నీ తిప్పి చూసి పుచ్చులు ఏరేసే మనిషి, నెలకు పదిహేను వేలు పోయబోయే ఇంట్లో కుళాయి తిప్పి చూడటానికి సిగ్గుపడతాడు.

మా బంధువుల అబ్బాయి ఒకడు ఖమ్మం నుంచి వచ్చి కూకట్‌పల్లి వైపు మూడో అంతస్తులో ఒక పోర్షన్ చూశాడు. ఆదివారం, పదకొండు గంటల వేళ. కిటికీలోంచి ఎండ చక్కగా పడుతోంది. ఓనరు ఆంటీ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు, మీది ఏ ఊరు బాబూ అని అడిగి, మా పెద్దమ్మాయిని మీ జిల్లాకే ఇచ్చామని సంతోషించారు. అడ్వాన్స్ అక్కడికక్కడే ఫోన్లోనే కొట్టేశాడు. దిగిన మూడో రోజు పొద్దున ఎనిమిదింటికి ఒంటినిండా సబ్బుతో ఉండగా కుళాయిలోంచి గాలి వచ్చింది. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు, అదీ తెల్లవారుజామున నాలుగింటికి సంపులోకి వస్తాయి. మోటారు స్విచ్చు ఓనరు వరండాలో ఉంది. పై ట్యాంకు ఆరు పోర్షన్లకు ఒకటే. ఏప్రిల్ వస్తే ట్యాంకర్ల ఖర్చు తలా ఇంత అని పంచుతారు. ఇవన్నీ ఒక్క ప్రశ్నతో తెలిసే సంగతులు. మరి అడగలేదేం అంటే వాడన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "ఆవిడ కాఫీ తాగాక ఇంక నీళ్ల సంగతి ఎలా అడుగుతాం బాబాయ్?"

ఆవిడ మోసం చేసిందని వాడూ అనలేదు, నేనూ అనను. అడిగితే చెప్పేదే. ఆ ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఉంటున్న మనిషికి నాలుగింటికి లేచి మోటారు వేయడం కాఫీ పెట్టుకోవడం లాంటి పని. అది ఇంకొకరికి వింతగా ఉంటుందని తోచదు.

ఆదివారం పదకొండు గంటలకు ప్రతి ఇల్లూ బాగానే ఉంటుంది. అందుకే నచ్చిన ఇంటిని రెండోసారి, మనం అందులో నిజంగా బతికే వేళల్లో చూడాలి. పొద్దున ఏడింటికి వెళ్తే నీళ్ల ఒత్తిడి తెలుస్తుంది. రాత్రి తొమ్మిదింటికి వెళ్తే వీధి దీపం, కుక్కలు, బండి పెట్టుకునే చోటు, పక్కనున్న ఫంక్షన్ హాలు తెలుస్తాయి. పై అంతస్తు అయితే మిట్టమధ్యాహ్నం ఒకసారి వెళ్లి స్లాబు కింద పది నిమిషాలు నిలబడితే చాలు, అద్దె ఎందుకు తక్కువో ఓనరు చెప్పనక్కర్లేదు. పడగ్గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఇంటికి ఫోన్ చేసి చూడాలి, సిగ్నల్ బాల్కనీ దాకే వచ్చే ఇళ్లు చాలా ఉన్నాయి. వానల్లో ఇల్లు వెతకడంలో ఇంకో లాభం ఉంది. సున్నం కొత్తగా వేసినా, బీరువా అడ్డం పెట్టినా, చెమ్మ ఎక్కిన గోడ ఆ రోజుల్లో వాసన దాచుకోలేదు.

ఇంట్లో తెలియనిది వీధిలో తెలుస్తుంది. వీధి చివర ఇస్త్రీ బండి అతనికి తెలియని గడప ఉండదు. పాత అద్దెవాళ్లు ఎన్నాళ్లున్నారు, ఎందుకు వెళ్లారు అని రెండు చొక్కాలు ఇస్త్రీకిచ్చి అడిగితే, బ్రోకరు నెల అద్దె కమీషన్ తీసుకుని కూడా చెప్పని సంగతులు చెబుతాడు. ఏడాదికొకరు మారిన పోర్షన్ అని తెలిస్తే ఎండ ఎంత చక్కగా పడినా వెనక్కి తగ్గడమే మంచిది.

కరెంటు మీటరు దగ్గర ఇంకాస్త ఆగాలి. కొత్తవాళ్లు తెలియకుండా ఎక్కువ పోగొట్టుకునేది ఇక్కడే. పాత ఇళ్లను పోర్షన్లుగా విడగొట్టినచోట రెండు కుటుంబాలకు ఒకే సర్వీసు ఉంటుంది, లోపల చిన్న సబ్‌మీటరు పెట్టి యూనిట్లు పంచుకుంటారు. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. కానీ తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన ఇళ్ల కరెంటు రేట్లు చూడండి. నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకు యూనిట్ 3.40 రూపాయలు, తర్వాతి వందకు 4.80. ఆ 200 దాటితే మాత్రం మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది, 201 నుంచి 300 దాకా 7.70. ఇద్దరూ చెరి 150 వాడారనుకుందాం. వేర్వేరు మీటర్లయితే ఒక్కొక్కరికి 580, ఇద్దరికీ కలిపి 1,160. ఒకే మీటరయితే అదే కరెంటుకు 1,790. ఫిక్స్‌డ్ చార్జీల సంగతి పక్కన పెట్టినా, నెలకు 630 రూపాయలు గోడలోంచి కారిపోతున్నట్టే. అదొక్కటే కాదు. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం, తెల్లకార్డు ఉన్న కిరాయిదారుకూ వర్తిస్తుంది, కానీ మీటరు బిల్లు 200 యూనిట్లు దాటకూడదు. ఉమ్మడి మీటరు కింద ఆ దారీ మూసుకుపోతుంది. కాబట్టి మెట్ల కింద ఎన్ని మీటర్లున్నాయో లెక్కపెట్టండి, మన పోర్షన్‌ది ఏదో అడగండి, పాత బిల్లు ఒకటి చూపించమనండి. బకాయి ఉందో లేదో కూడా అందులోనే కనబడుతుంది.

మనం ఓనరును అడగాల్సినవి ఇవి. ఓనరు మనల్ని అడిగేవి వేరు. పెళ్లయిందా? నాన్‌వెజ్ వండుతారా? రాత్రి ఎన్నింటికి వస్తారు? చివరికి, కాస్త గొంతు తగ్గించి, "మీరేమిట్లు?" పెళ్లికాని కుర్రాళ్లకు ఇల్లివ్వరని ఆడవేషం కట్టి అద్దెకు దిగిన కథతో తొంభైల తొలినాళ్లలో 'చిత్రం భళారే విచిత్రం' వస్తే తెలుగువాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ముప్పై ఏళ్లు దాటాయి, సినిమా పాతబడింది గానీ టు-లెట్ బోర్డు మాత్రం ఇంకా ఫ్యామిలీస్ ఓన్లీ అనే చెబుతోంది. పేరూ మతమూ విన్నాక ఇల్లు ఉన్నట్టుండి 'ఇప్పుడే మాట ఇచ్చేశాం' అయిపోయిన అనుభవం ఎందరికో ఉంది. 'మీరేమిట్లు' అన్న ప్రశ్నకు సరైన జవాబు నా దగ్గరా లేదు. అబద్ధం చెప్పి దిగితే రోజూ ఆ అబద్ధంతోనే మెట్లెక్కాలి. ముందే చెప్పేసి ఇంకో నాలుగు గేట్లు తిరగడం కాళ్లకు కష్టం, మనసుకు నయం. తప్పు మాత్రం అడిగిన వాళ్లదే.

ఇక కాగితం. మన ఒప్పందాలన్నీ పదకొండు నెలలకే ఎందుకుంటాయని చాలామంది కుర్రాళ్లు అడుగుతుంటారు. 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ ఆ తిరుగుడూ తప్పించుకోవడానికి దేశమంతా పదకొండు నెలల దగ్గర ఆగింది. అదేమీ కుట్ర కాదు. చూడాల్సింది ఆ వంద రూపాయల స్టాంపు పేపరు లోపల ఏం రాశారన్నది. ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి? ఆ నిబంధన ఇద్దరికీ సమానమేనా? ఏడాది తిరగ్గానే అద్దె ఎంత పెరుగుతుంది? మెయింటెనెన్స్ అద్దెలో కలిసిందా, విడిగానా? వెళ్లేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె కోసేయడం హైదరాబాదులో ఆనవాయితీ. కోస్తారో లేదో, ఎంతో, దిగేరోజే రాయించుకుంటే వెళ్లేరోజు గొంతులు లేవవు.

అడ్వాన్స్ విషయంలో బెంగళూరులో ఒకప్పుడు పది నెలల అద్దె అడిగేవారు, మన దగ్గర ఎక్కువగా రెండు మూడు నెలలతో సరిపోతుంది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలలకు మించి తీసుకోకూడదంది. ఇంట్లోకి రావాలంటే ఓనరు 24 గంటల ముందు చెప్పాలనీ, తగాదా వచ్చినా నీళ్లూ కరెంటూ ఆపకూడదనీ అంది. రాష్ట్రాలు తమ చట్టాల్లో పెట్టుకుంటే తప్ప అది నమూనాగానే ఉంటుంది. అయినా ఒప్పందం రాసుకునేటప్పుడు ఆ మూడు మాటలనూ మన కాగితంలోకి అరువు తెచ్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మూడు చిన్న జాగ్రత్తలు, పనిలో పనిగా. ఓనరుకు ఆధార్ జిరాక్సు ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చు, దాని మీద 'అద్దె ఒప్పందానికి మాత్రమే' అని రాసి తేదీ వేయాలి. ఏటా లక్ష దాటి అద్దె కడుతూ హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కోరేవాళ్లకు ఓనరు పాన్ నంబరు కావాలి. ఆ మాట మొదటిరోజే ఎత్తండి, మార్చి నెలలో ఎత్తితే ఆయనకు వినబడదు. ఇక ఫోన్లో ఫొటోలు చూపించి, తాను సైన్యంలో ఉన్నాననీ, తాళం పంపాలంటే ముందు కాస్త డబ్బు కొట్టమనీ ఎవరైనా అంటే అక్కడితో ఆపేయండి. తిరిగి పంపుతాను, పిన్ను కొట్టండి అన్నా నమ్మకండి, డబ్బు మనకు రావడానికి మనం పిన్ను కొట్టే పని ఎప్పుడూ ఉండదు.

ఓనర్ల గోడు కూడా తక్కువేం కాదు. రిటైరయిన మాస్టారు పీఎఫ్ డబ్బుతో మేడమీద రెండు గదులు వేసుకుంటే, ఆ అద్దెతోనే ఇద్దరి మందులూ గడవాలి. మూడు నెలల కరెంటు బిల్లు ఎగ్గొట్టి రాత్రికి రాత్రి వెళ్లిపోయినవాళ్లు, టీవీ కోసం గోడకు ఎనిమిది చిల్లులు పెట్టినవాళ్లు ఆయన దగ్గరా ఉండే ఉంటారు. ఆయన అడిగే ప్రతి ప్రశ్న వెనకా పాత అద్దెవాడొకడు ఉంటాడు.

ఆ ఖమ్మం అబ్బాయి నీళ్ల పంచాయితీ తర్వాత ఒక మంచి పని చేశాడు. ఎవరో చెబితే, ఇల్లంతా తిరుగుతూ ఫోన్లో వీడియో తీశాడు. వాష్‌బేసిన్ మీద వెంట్రుకంత పగులు, తిరగని ఫ్యాను, మీటరు రీడింగు, గడియ సరిగా పడని బాత్రూం తలుపు. అది ఆ రాత్రే ఆంటీకి వాట్సాప్‌లో పంపాడు. ఆవిడ కాస్త నొచ్చుకున్నట్టుంది, రెండు రోజులు పలకరించలేదట. రెండేళ్ల తర్వాత ఖాళీ చేస్తుంటే వాష్‌బేసిన్ దగ్గర ఆగి, ఇది మీరే పగలగొట్టారా బాబూ అంది. వాడు ఏమీ అనకుండా ఆ పాత వీడియో తెరిచి చూపించాడు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చూసి, నవ్వేసి, పెయింటింగ్ డబ్బులు పట్టుకుని మిగతాది అక్కడే ఇచ్చేసిందట. మళ్లీ కాఫీ కూడా ఇచ్చిందట.

మొన్న రెండో ఇల్లు చూడటానికి వెళ్తూ నన్నూ తోడు రమ్మన్నాడు. ఓనరుగారు పెద్దమనిషి, కుర్చీలు జరిపి, ఫ్యాన్ వేసి, కాఫీ పెట్టించనా అన్నారు.

"తాగుతానంకుల్. ఒక్క నిమిషం, వంటింట్లో కుళాయి తిప్పి వస్తా" అని వాడు లోపలికి వెళ్లాడు. ఆయనా నేనూ ఒకరినొకరం చూసుకుంటూ కూర్చున్నాం. కాసేపటికి లోపల్నుంచి నీళ్ల చప్పుడు వినిపించింది.